పుర్రచేతి గుర్తు

పిల్ల తాబేలు ఆ ఇంటి గడప దాటిన వేళకు గుర్తులమ్మ దుప్పట్లకు గంజి కాస్తోంది.

గుర్తులమ్మకు కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది. లాండ్రీ ఇంటికి కోడలిగా వచ్చాక ఆ పేరు మూటలో అడుగున పడ్డ రుమాలులా మళ్లీ ఎవరి చేతికీ తగల్లేదు. కింద లాండ్రీ, పైన కాపురం. అత్తగారు ఆవిడ చేతికి మొదట ఇచ్చింది ఇస్త్రీపెట్టె కాదు, సిరాబుడ్డీ, సన్నగా చెక్కిన పుల్లా. ఇంటికో గుర్తు. ఒకరికి రెండు చుక్కలు, ఒకరికి చుక్కా గీతా, ఇంకొకరికి కొక్కెం. చొక్కా అయితే మెడపట్టీ లోపల, దుప్పటి అయితే మూల మడతలో, కంటికి ఆనీ ఆననట్టు పెట్టాలి. ఎన్ని నీళ్లు తాగినా ఆ సిరా పోదు. ఏ గుర్తు ఎవరిదో ఎక్కడా రాసుకునే అలవాటు లేదు. తలలో ఉండాల్సిందే.

ఆ వీధుల్లో అన్నదమ్ములు వేరుపడ్డ సంగతి చుట్టాలకంటే ముందు లాండ్రీకే తెలిసేది. చిన్నవాడి బట్టలు వేరే మూటలో వచ్చిన రోజునే పాత గుర్తు పక్కన ఒక చిన్న అడ్డగీత పడేది. దాన్ని పిల్లగీత అనేవారు. ఇల్లు మొత్తం ఖాళీ అయిపోతే మాత్రం ఆ గుర్తును పడుకోబెట్టేవారు. మళ్లీ ఎవరికీ ఇవ్వరు. గుర్తున్న బట్ట ఏనాటికైనా ఆ ఇంటికే చేరుతుంది, మనం చేర్చకపోతే అదే దారి వెతుక్కుంటుంది అని అత్తగారు పదే పదే చెప్పేది. కొత్తకోడలుగా ఉన్నప్పుడు గుర్తులమ్మ ఆ మాటకు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. తరువాత నవ్వడం మానేసింది.

ఇప్పుడు కొడుకు మనిషంత ఎత్తు మిషన్లు పెట్టాడు. బట్టలకు కాగితం చీటీలు గుచ్చుతున్నాడు. గుర్తులమ్మ పని గంజి కాయడానికీ ఊడిన గుండీలు చూడటానికీ దిగిపోయింది. అయినా ఈ సెలవుల్లో మళ్లీ ఆవిడ సిరాబుడ్డితో పనిపడింది. మనవరాలిని వేరే ఊళ్లో హాస్టల్లో వెయ్యబోతున్నారు. లేచింది మొదలు కిచకిచలాడుతుంది గనక ఆ పిల్లను ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. హాస్టల్ వాళ్లు ప్రతి బట్టకూ గుర్తు ఉండాలన్నారు. కొడుకు కొత్తబట్టల దొంతర తెచ్చి తల్లి ముందు పెట్టి, ఈ పని నీకంటే బాగా ఎవరు చేస్తారమ్మా అన్నాడు.

ఆవిడ రేపు చూద్దాం అంది. మర్నాడు సిరా గడ్డకట్టింది అంది. ఆ తరువాత కళ్లు మసకలు అంది. రేపు అన్నదానికి రూపు లేదు, అత్తయ్య రేపుకైతే నీడ కూడా లేదు అని కోడలు నవ్వింది. గుర్తులమ్మ నవ్వలేదు. ఆ దొంతర మీద ఒక పాత దుప్పటి కప్పి, అటువైపు చూడకుండా తిరుగుతోంది.

అలాంటి సమయంలో తండ్రీకూతుళ్లు చిల్లులు పొడిచిన అట్టపెట్టెతో లోపలికి వచ్చారు.

వెళ్లేముందు ఏది అడిగితే అది కొనిస్తానని తండ్రి మాటిచ్చాడు. పిల్ల తిన్నగా చేపల తొట్లు అమ్మే కొట్టుకు లాక్కెళ్లింది. సైకిలు కొనిస్తానంటే తాబేలును అడిగిన పిల్ల ఈ భూమ్మీద ఇదొక్కతేనని కోడలు తలకొట్టుకుంది. పోనీలే, దీనికి బ్రేకులు అక్కర్లేదు అన్నాడు కొడుకు.

పిచ్చుక మాత్రం పెట్టెను నానమ్మ ఒళ్లో పెట్టింది.

“నాక్కాదు, నీకు. నేను లేనప్పుడు నీకు తోడు. షాపాయన చెప్పాడు నానమ్మా, ఇది మనందరికంటే ఎక్కువ కాలం బతుకుతుందంట. నిన్ను వదిలి ఎక్కడికీ పోదు.”

ఎక్కడికీ పోదు అన్న మాట గుర్తులమ్మ గుండెలో ఎక్కడో మెత్తగా తగిలింది. ఆవిడ జీవితంలో ఆ మాట ఎవరి గురించీ ఎవరూ అనలేదు. గంజి చేతులు కొంగుకు తుడుచుకుని పెట్టె మూత తీసింది.

నిమ్మచెక్కంత తాబేలు. కొట్టులో దాని తోబుట్టువులకు చిప్ప మీద ప్రతి పలకకూ పసుపుపచ్చ సుళ్లున్నాయట. దీనికి ఒక్క సుడీ లేదు. చిప్పంతా ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలా తెల్లబారి ఉంది. నడిమి పలక మీద మాత్రం నల్లగా ఏదో ఉంది. సిరాతో గీసిన తాబేలును అంటగడుతున్నావని వచ్చినవాళ్లందరూ కొట్టువాడితో పోట్లాడి పోతున్నారట. గుడ్లన్నీ పగిలాక, ఇక పారేద్దాం అనుకున్న ఒక్క గుడ్డులోంచి ఇది చాలా ఆలస్యంగా బయటికొచ్చిందట. పిచ్చుక ఇవన్నీ చెబుతూనే ఉంది. గుర్తులమ్మ చెవికి ఏదీ ఎక్కలేదు.

మూడు చుక్కలు. ఏటవాలు గీత. ఎడమవైపుకు తిరిగిన అర్ధచంద్రం.

గంజి అడుగంటిన వాసన ఇల్లంతా కమ్మేదాకా ఆవిడ కదల్లేదు.

ఆ గుర్తు లోకంలో ఆవిడ ఒక్కదానికే తెలుసు.

లాండ్రీ ఇంటివాళ్ల బట్టలకు గుర్తు పెట్టరు. ఇంట్లో బట్ట ఇంట్లోనే ఉంటుంది, దానికి దారి చెప్పాల్సిన పని లేదు. ఒక్కసారి మాత్రం పెట్టాల్సి వచ్చింది. ఆవిడ తొలిచూలు ఆడపిల్లను పదేళ్లప్పుడు హాస్టల్లో చేర్చారు. ఆ హాస్టల్ వాళ్లూ ఇలాగే గుర్తు అడిగారు. తల్లి మూడు చుక్కలూ, గీతా, అర్ధచంద్రమూ అని ఎంచి, నీ బట్టలకు నువ్వే పెట్టుకోవే అని పుల్ల చేతికిచ్చింది. ఆ పిల్లది పుర్రచెయ్యి. ఏది చేసినా ఎడమచేత్తోనే. తువ్వాలు మడతపెడితే తెరిచి ఉండే అంచు, అంటే మడత నోరు, ఎడమకు వచ్చేది. దొంతరలో నోళ్లన్నీ కుడికే ఉండాలి, లేకపోతే దొంతర వంకర పోతుంది. తల్లి రోజూ తిడుతూ ఆ మడతలు విప్పి మళ్లీ వేసేది. గుర్తూ అంతే అయింది. అర్ధచంద్రం ఎడమకు తిరిగిపోయింది. అయ్యో, తప్పే అనేసరికి మొదటి బట్ట మీద సిరా ఆరిపోయింది. ఇక మిగతావన్నీ అలాగే పెట్టాల్సి వచ్చింది. ఏ లాండ్రీలోనూ అర్ధచంద్రం అటు తిరగదు.

రెండో విడత చదువులో హాస్టల్లో జ్వరాలొచ్చాయి. కబురు అందేసరికి వానలకు వంతెన కొట్టుకుపోయింది. చుట్టుదారిన తల్లీతండ్రీ వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఆఖరి చూపు కూడా దక్కలేదు. రేకుపెట్టె ఒక్కటి చేతికిచ్చి పంపారు. లాండ్రీ బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆవిడ ఇంటికొచ్చి బట్టలు లెక్క చూసుకుంది. అన్నీ ఉన్నాయి, నీలంచు తెల్ల తువ్వాలు తప్ప. జ్వరంలో నుదుటి మీద తడిపి వేసింది దాన్నేనని హాస్టల్ ఆయా చెప్పింది. తరువాత అది ఏమైందో ఆయాకూ తెలియదు. గుర్తులమ్మ ఏళ్ల తరబడి అటు వెళ్లే ప్రతి మనిషి చేతా ఆ తువ్వాలు గురించి అడిగించింది. పిల్ల పోతే గుడ్డ అడుగుతోందని జనం చెవులు కొరుక్కున్నారు. అడిగితే దొరికే వీలున్నది అదొక్కటే గనక ఆవిడ దాన్నే అడిగింది. చివరకు ఆ బడి మూతపడింది, హాస్టల్ గోడలు కూలగొట్టారు. పెట్టెలో బట్టలన్నీ ఒక రోజు తనే లాండ్రీ పొయ్యిలో వేసి, ఆ గుర్తును పడుకోబెట్టింది. ఆ పిల్ల పోయాక పుట్టిన కొడుకు అప్పటికి ఉయ్యాలలో ఉన్నాడు. వాడికి అక్క అంటే ఒక ఫొటో.

అప్పుడు బట్టలు వచ్చాయి, పిల్ల రాలేదు. ఇప్పుడు గుర్తు వచ్చింది. ఎవరి కోసం వచ్చినట్టు? అదీ ఇదే ఇంట్లోంచి ఇంకో ఆడపిల్ల హాస్టలుకు పెట్టె సర్దుకుంటున్న వేళ?

పిచ్చుక దానికి బొత్తాం అని పేరు పెట్టింది. గుర్తులమ్మ ఆ మధ్యాహ్నం బొత్తాన్ని స్నానం పేరుతో నీళ్లగదిలోకి తీసుకుపోయి, నడిమి పలకను సబ్బుతో రుద్దింది. తరువాత నిమ్మచెక్కతో, తరువాత సిరా మరకలకు వాడే మందులో ముంచిన దూదితో. పోలేదు. చిప్ప లోపలినుంచే పుట్టిన నలుపది. తాబేలు తల లోపలికి లాక్కోలేదు, కాళ్లు కొట్టుకోలేదు. మెడ చాచి ఆవిడ ముఖంలోకి చూస్తూ, తలంటు పోయించుకునే పిల్లలా ఓపిగ్గా నిలబడింది. అప్పుడు గాని ఆవిడకు ఒక సంగతి తట్టలేదు. తాబేలు ఒళ్లు చల్లగా ఉండాలి. ఇది వెచ్చగా ఉంది. ఇస్త్రీ చేసిన బట్ట వెచ్చదనం కాదు. ఆ తేడా ఆవిడ చేతికి బాగా తెలుసు. నుదుటి మీద చెయ్యి వేసినప్పుడు, ఇంకాసేపు ఉంచి చూద్దామా అనిపించే వెచ్చదనం అది.

చెయ్యి తీసేసింది.

బట్టలు వేరుచేసే గదిలో కింద వదిలితే బొత్తాం ఎటూ తిరగదు. టకటకమని గోళ్ల చప్పుడు చేసుకుంటూ నేరుగా గోడవార అడుగు అరలోకి పోతుంది. ఎవరూ వచ్చి తీసుకెళ్లని బట్టలను ఆ అరలో ఉంచుతారు. పుర్రచేతి పిల్ల మధ్యాహ్నాలు నిద్రపోయిందీ ఆ అరలోనే, పాత దుప్పట్ల మీద మోకాళ్లు ముడుచుకుని. గోడకు అవతల బాయిలరు ఉంది, వెచ్చదనానికి పోతోంది అని కొడుకు తేల్చేశాడు. కొడుకు మాటలో తప్పేమీ లేదు. కానీ వెచ్చటి చోట్లు ఆ గదిలో ఇంకా ఉన్నాయి.

గుర్తులమ్మ భయాన్ని ఒకే ఒకసారి బయటపెట్టింది. భోజనాల దగ్గర, పిల్ల చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు.

“ఒరేయ్, దాన్ని పంపకు. ఇక్కడే ఏదో బడిలో చదువుకుంటుంది.”

“అమ్మా, అక్క కాలం వేరు. ఇప్పుడు వంతెనలు కొట్టుకుపోవు, ఫోన్లున్నాయి, డాక్టరున్నాడు. నీ భయాన్ని పిల్లకు చీరకొంగులా చుట్టబెడితే ఎలా?”

ఆ మాట కటువుగా అన్నాననుకున్నాడేమో, కొడుకు ఆవిడ కంచంలో పెరుగు ఇంకొంచెం వేశాడు. గుర్తులమ్మ దాన్ని కలుపుకోలేదు. వీడు వినడు, ఇక చెయ్యగలిగింది ఒక్కటే అనుకుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా బొత్తాన్ని గుడ్డసంచిలో వేసుకుని చేపల కొట్టుకు బయలుదేరింది. సంచి తొడకు తగులుతూ వెచ్చగా ఉంది. ఆ వీధిలో నడుస్తుంటే ఆవిడకు తన పక్కన ఎవరో అడుగులో అడుగు వేస్తున్నట్టు ఉంది. తను ఆగితే ఆ అడుగూ ఆగింది. అది సంచి ఊగడమే కావచ్చు.

కొట్టువాడు మంచివాడే. గాజు తొట్లో చేతులు పెట్టి నాచు గీకుతున్నాడు. విషయం విని, అమ్మిన సరుకు వెనక్కి తీసుకోను గాని ప్రాణమున్నది సరుకు కాదు, అక్కడ పెట్టి వెళ్లండి పెద్దమ్మగారూ అన్నాడు. ఒక ఖాళీ తొట్టి కూడా చూపించాడు. గుర్తులమ్మ సంచి విప్పింది. బొత్తాం తల బయటపెట్టి తొట్టివైపు చూసింది, తరువాత ఆవిడవైపు. ఆ తరువాత మొదటిసారి తలా, కాళ్లూ, తోకా అన్నీ లోపలికి లాక్కుని మూసుకుపోయింది. పైన నడిమి పలక మీద గుర్తు మాత్రం మిగిలింది.

గుర్తున్నదాన్ని పరాయి ఇంట్లో వదిలి రావడం ఆవిడ ఆ వయసు వరకూ ఎరగదు. రైలెక్కించి పిల్లను వదిలి రావడం ఒక్కసారి చేసింది.

“ఏమ్మా, ఉంచేయమంటారా?”

“వద్దులే నాయనా. దీనిల్లు మాదే.”

ఆ మాట తన నోట ఎలా వచ్చిందో తెలియక, వచ్చాక వెనక్కి తీసుకోలేక, ఆవిడ సంచి గుండెకు ఆనించుకుని ఇంటిదారి పట్టింది. కానీ ఇంటికొచ్చి గది తలుపు తోసి, గడపలోనే ఆగిపోయింది.

కప్పిన దుప్పటి నేల మీద ఉంది. కొత్తబట్టలన్నీ పరుపు మీద పరిచి ఉన్నాయి. మధ్యలో పిచ్చుక, ముక్కు మీద సిరా చుక్కతో, విజయగర్వంతో కూర్చుంది. నానమ్మకు కళ్లు మసకలు కదా, పని తనే అవగొట్టిందట. గుర్తు కోసం వెతుక్కునే పని కూడా లేకపోయింది, బొత్తాం వీపు మీద ఉందిగా. గౌన్ల మెడల్లో, దుప్పటి మూలల్లో, మేజోళ్ల మీద కూడా. మూడు చుక్కలు, ఏటవాలు గీత, ఎడమకు తిరిగిన అర్ధచంద్రం.

“చూడకుండానే వచ్చేసింది నానమ్మా. చెయ్యి దానంతటదే తిరిగింది.”

గుర్తులమ్మ పరుపు అంచున కూలబడింది. ఒక గౌను అందుకుని వేలితో రుద్దింది. ఆరిపోయింది. పడుకోబెట్టిన గుర్తు లేచి వచ్చి, బతికున్న పిల్ల బట్టల మీద కూర్చుంది. ఒక గుర్తు రెండిళ్లకు ఉండకూడదు. ఉంటే ఒకరి బట్ట ఒకరికి పోతుంది. ఇక్కడ బట్టలతో ఆగుతుందా? ఆ గుర్తు పిల్లను ఏ ఇంటికి చేరుస్తుంది? ఈ బట్టలన్నీ పారేసి కొత్తవి కొందామంటే కొడుక్కి ఏమని చెప్పాలి?

సంచిలోంచి బొత్తాం తనే బయటికొచ్చింది. పరుపు మీద గౌన్ల మధ్య నడిచి, సిరాబుడ్డి దగ్గర ఆగింది.

అప్పుడు అత్తగారి ఇంకో మాట ఆవిడకు గుర్తొచ్చింది. చెరపలేని గుర్తుకు ఇంకో గీత కలపొచ్చు.

పుల్ల తీసుకుంది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, అర్ధచంద్రం పక్కన ఒక చిన్న అడ్డగీత గీసింది. ఇంకో గౌను తీసుకుంది. పిచ్చుక బట్టలు ఒక్కొక్కటీ అందిస్తూ, అదేం గీత అని అడిగింది.

“పిల్లగీత. ఒక ఇంట్లోంచి ఇంకో ఇల్లు వేరుపడితే వేస్తాం. ఇద్దరూ ఒకటే, కానీ ఇద్దరి బట్టలూ కలవవు.”

“అయితే గీత లేనిది ఎవరిది?”

“మీ అత్తది. మీ నాన్న వాళ్ల అక్కది.”

“ఫొటోలో అత్తా? ఎక్కడికెళ్లింది?”

“నీలాగే హాస్టలుకెళ్లింది. బట్టలు వచ్చాయి తల్లీ. తను రాలేదు.”

పిచ్చుక కిచకిచ ఆగిపోయింది. ఆ తరువాత పొద్దు వాలేదాకా పిల్ల బట్టలు అందిస్తూ, ఆవిడ గీతలు వేస్తూ కూర్చున్నారు. ఆఖరి మేజోడు మీద గీత పడ్డాక, బొత్తాం మంచం అంచు దాకా వచ్చి దించమన్నట్టు ఆగింది. ఎత్తుకుని కింద బట్టల గదిలో దించితే అడుగు అరలోకి వెళ్లిపోయింది.

పిల్ల వెళ్లే రోజున గుర్తులమ్మ బస్సు దాకా వెళ్లలేదు. వీధిగుమ్మంలో నిలబడి, చలి వేస్తే రెండో దుప్పటి అడుగు, ముందు రెండు అడుగులు చూసుకుని నడు, దిండు తడిగా ఉంటే పడుకోకు అని గొంతు తడారిపోయేదాకా చెప్పింది. పిచ్చుక అన్నిటికీ తలూపి, బొత్తానికి ఆకులు మరిచిపోకు అని తనూ ఒకటి చెప్పి వెళ్లింది. ఆటో మలుపు తిరిగాక కూడా ఆవిడ చెయ్యి గాల్లోనే ఉంది. వెనక్కి తిరిగితే గడపకు ఇవతల బొత్తాం ఉంది. అడుగు అరలోంచి గడప దాకా ఎప్పుడు వచ్చిందో, ఎవరూ చూడలేదు.

అప్పటినుంచి ఆవిడ దినచర్య మారింది. లేవగానే అరలోకి చెయ్యి పెట్టి, చిప్ప మీద అరచెయ్యి ఉంచేది. వెచ్చగా, ఎప్పటిలాగే. అయితే అక్కడ పిల్ల బాగానే ఉంది అనుకునేది. అలా ఎందుకు అనుకోవాలో ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. ఆకులు వేసేది. ఒక్కోసారి తనకు తెలియకుండానే, తిన్నావా అని అడిగేది. అత్తయ్యకు తాబేలుతో కబుర్లు ఎక్కువయ్యాయి, మనతో తక్కువయ్యాయి అని కోడలు కొడుకుతో అంది.

వానలు పట్టుకున్నాయి. ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, బొత్తాం ముందు ఆకులు పొద్దుటివి పొద్దుటిలాగే ఉన్నాయి. గుర్తులమ్మ చిప్ప మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది. పొయ్యి మీంచి దించిన మూకుడులా కాలుతోంది.

కొడుకును కేకేసింది. వాడు వచ్చి వేలితో తాకి, ఆవిడ ముఖంలోకి చూశాడు.

“చల్లగానే ఉందమ్మా.”

“హాస్టలుకు ఫోన్ చెయ్.”

“ఇప్పుడా? పిల్లలు భోజనాల దగ్గరుంటారు.”

“చెయ్యరా.”

ఆ గొంతు విని కొడుకు ఫోన్ తీశాడు. ఫోన్లో వార్డెన్ చెప్పింది విని కొడుకు ముఖం పాలిపోయింది. హాస్టల్లో నలుగురైదుగురికి జ్వరాలట. పిచ్చుకకు పొద్దుటినుంచి. డాక్టరు చూసి మందులిచ్చాడు, కంగారేమీ లేదు, మేమే చేద్దామనుకుంటున్నాం అంది. ఆఖరి బస్సు అప్పటికే వెళ్లిపోయింది. తెల్లవారుజామున మొదటి బస్సుకు కొడుకు బయలుదేరేట్టు అనుకున్నారు. ఆవిడ తనూ వస్తానని చెప్పులు వేసుకుంది. కోడలు ఏడుస్తూనే ఆ చెప్పులు విప్పించింది.

అప్పుడు గుర్తులమ్మ ఒక పాతగుడ్డ తడిపి, పిండి, అడుగు అర ముందు నేల మీద కూర్చుంది. గుడ్డను తాబేలు చిప్ప మీద వేసింది. అది వేడెక్కితే తీసి మళ్లీ తడిపి వేసింది. ఆనాడు ఆ నుదుటి మీద తను వెయ్యలేకపోయిన గుడ్డ అది. “నీకు చేతులెత్తి దణ్ణం పెడతానే,” అంది మెల్లగా. “దాన్ని పిలవకు. నీకు తోడు కావాలంటే నేనున్నాగా.” వింటోందో లేదో, బొత్తాం కళ్లు మూసుకునే ఉంది. అలా కూర్చుని ఎప్పుడు గోడకు ఆనుకుని కునుకు తీసిందో ఆవిడకే తెలియదు. కళ్లు తెరిచేసరికి తెల్లారింది, కొడుకు వెళ్లిపోయాడు, తడిగుడ్డ కింద అర ఖాళీగా ఉంది.

గది అంతా వెతికింది. కోడలూ వెతికింది. మిషన్ల కింద, మూటల వెనక. బొత్తాం లేదు. గుర్తులమ్మ గుండె రాయి చేసుకుని మెట్ల మీద కూర్చుంది. తీసుకుపోవలసిన దాన్ని తీసుకుని పోయింది అనుకుంది. ఫోన్ మోగితే తను ఎత్తలేదు. కోడలు ఎత్తింది.

పిల్ల మంచం మీద కూర్చుని జావ తాగుతోంది, రుచిగా లేదని పేచీ కూడా పెడుతోంది అని కొడుకు నవ్వుతూ చెప్పాడట. జ్వరం తెల్లవారేసరికే జారిపోయిందట. నాలుగు రోజులు ఇంట్లో ఉంచుకుని పంపుతానని అడిగి తీసుకొస్తున్నాడట. గుర్తులమ్మ ఆ మాటలు వింటూ, చేతిలో ఆ తడిగుడ్డను పిండుతూనే ఉంది, నీళ్లు రాకపోయినా.

పొద్దు వాలేవేళకు పిచ్చుక చిక్కిపోయి, కళ్లు లోతుకుపోయి, నోరు మాత్రం యథాప్రకారంగా లోపలికి వచ్చింది. నానమ్మ ఒళ్లో కాసేపు ముఖం దాచుకుంది. తరువాత సంచి విప్పి మాసిన బట్టలు తీసి నేల మీద వేసింది. అన్నిటికంటే అడుగున మడతపెట్టిన గుడ్డ ఒకటి ఉంది.

“నానమ్మా, ఇది మనది కాదనుకుంటా. కానీ మన గుర్తే ఉందని వార్డెన్ ఆంటీ నా బట్టల్లో పెట్టేసింది.”

తెల్ల తువ్వాలు. నీలంచు.

గుర్తులమ్మ దాన్ని వెంటనే ముట్టుకోలేదు.

“ఎక్కడిది?”

“జ్వరంలో నా నుదుటి మీద వేశారు. మళ్లీ మళ్లీ తడిపి వేశారు.”

“ఎవరు? ఆంటీయా?”

“ఊహూ. ఆంటీ చెయ్యి చాటంత ఉంటుంది. ఆ చెయ్యి చిన్నది. నా చెయ్యంతే ఉంది.” పిల్ల తన అరచెయ్యి చూసుకుంది. “కళ్లు తెరుద్దామంటే వద్దన్నట్టు గుడ్డ కిందికి లాగేది. పొద్దున చూస్తే దిండు పక్కన ఇలాగే మడతపెట్టి ఉంది.”

హాస్టల్లో బట్టలు తారుమారు కావడం మామూలేనని, ఎవరో పిల్లదై ఉంటుందని కొడుకు అన్నాడు. ఆ అనడం కూడా గట్టిగా అనలేదు. తువ్వాలు వైపు చూస్తూ నిలబడ్డాడు.

గుర్తులమ్మ మూల విప్పి చూసింది. మూడు చుక్కలు, ఏటవాలు గీత, ఎడమకు తిరిగిన అర్ధచంద్రం. పక్కన పిల్లగీత లేదు. నడిమి మడతలో వేలు పెట్టింది. అంత దూరం ప్రయాణం చేసి వచ్చినా అక్కడ ఇంకా తడిగా ఉంది. మడత నోరు ఎడమవైపుకు ఉంది.

ఇన్నేళ్ల అలవాటు కొద్దీ ఆవిడ చేతులు ఆ మడతను విప్పి కుడికి తిప్పబోయాయి. సగంలో ఆగాయి. ఆవిడ ఏమీ దిద్దలేదు. తువ్వాలును రెండు చేతులతో అలాగే ఎత్తుకుని బట్టల గదిలోకి వెళ్లి, వంగి, అడుగు అరలో పాత దుప్పటి మీద పెట్టింది.

వెనక టకటకమని గోళ్ల చప్పుడైంది. పొద్దుటినుంచి ఇద్దరు ఆడవాళ్లు వెతికిన గదిలో, వాళ్లు వెతికిన మూటల మధ్యలోంచే, బొత్తాం నడిచి వస్తోంది. కాళ్లకు ఎండిన ఎర్రమట్టి అంటుకుని ఉంది. ఆ వీధిలో ఎక్కడా ఎర్రమట్టి లేదు. కొడుకు చెప్పుల అంచులకు మాత్రం ఉంది. హాస్టల్ ముందు నేలంతా ఎర్రమట్టేనట.

అది ఎవరివైపూ చూడలేదు. అరలోకి ఎక్కింది. తువ్వాలు మీదికి వెళ్లి, తడి ఉన్న చోట ఒకసారి చుట్టూ తిరిగి, కాళ్లు ముడుచుకుని, తల లోపలికి తీసుకుంది.

గుర్తులమ్మ చాలాసేపు చూసింది. తరువాత చెయ్యి చాచి, నడిమి పలక మీద, ఆ గుర్తు మీద, అరచెయ్యి ఉంచింది.

చల్లగా ఉంది. జ్వరం దిగిన నుదురులాగా.